ఆపరేషన్ చేయించిన ఆడకుక్క మళ్లీ ఎదకు వస్తే: మీ ప్రశ్నలు, పశువైద్యుల జవాబులు

గర్భసంచి ఆపరేషన్ అయిపోయిన ఆడకుక్కలో ఎద లక్షణాలు కనిపించాయంటూ వచ్చిన ఉత్తరాలను ఈ సంచికలో ఒకచోట చేర్చాం. ఊరి పేర్లు ఉంచి, రాసినవారి పేర్లు తీసేశాం.

ప్రశ్న (కాకినాడ): డాక్టర్ గారూ, మా లాబ్రడార్‌కి మూడున్నరేళ్లు. ఏడాదిన్నర కిందట గర్భసంచి, అండాశయాలు తీయించాం. వారం రోజులుగా దాని మానం బాగా ఉబ్బి ఉంది, అదేపనిగా నాక్కుంటోంది. రక్తం మాత్రం ఒకటి రెండు చుక్కలే. వీధిలోని మగకుక్కలు రాత్రంతా గేటు దగ్గరే ఉంటున్నాయి. నడుము మీద నిమిరితే తోక పక్కకు తిప్పేసి నిలబడిపోతోంది. ఆపరేషన్ చేసినచోట అడిగితే "ఒక్కోసారి అలాగే ఉంటుంది, అదే తగ్గిపోతుంది" అన్నారు. నిజమేనా? దీనికి మళ్లీ కడుపు వస్తుందా?

జవాబు: ఆ మాట నమ్మి ఊరుకోకండి. రెండు అండాశయాలూ పూర్తిగా తీసేసిన కుక్క ఎదకు రాదు. ఎద తెప్పించే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తయారయ్యే చోటే దాని ఒంట్లో మిగలదు. మీరు రాసిన లక్షణాల్లో అన్నిటికన్నా గట్టి ఆనవాలు తోక. మానం ఇన్ఫెక్షన్ వల్లా ఉబ్బుతుంది. మగకుక్కలు చీము వాసనకూ వెంటపడతాయి. నడుము మీద చెయ్యి పడగానే వెనక కాళ్లు బిగించి నిలబడి, తోకను ఒక పక్కకు మడిచి, మానాన్ని పైకెత్తడం మాత్రం హార్మోన్ చేయించే పని. అంటే లోపల అండాశయం ముక్క ఏదో మిగిలి ఉండాలి, లేదా బయటి నుంచి ఈస్ట్రోజెన్ ఒంట్లోకి చేరుతూ ఉండాలి. రెండోదాని గురించి కింద కూకట్‌పల్లి ఉత్తరంలో ఉంది, అది కూడా తప్పకుండా చదవండి. మొదటిదాన్ని వైద్యులు ఓవేరియన్ రెమ్నంట్ సిండ్రోమ్ అంటారు.

ముక్క ఎలా మిగులుతుందో చెప్తాం. కుక్క అండాశయం కొవ్వు నిండిన చిన్న సంచిలో కప్పబడి ఉంటుంది, విడిగా కంటికి కనబడదు. దాన్ని పక్కటెముకల వైపు పట్టి ఉంచే గట్టి నరంలాంటి కట్టు ఒకటుంది. సర్జన్ వేలితో ఆ కట్టును సాగదీసి తెంపితేనే అండాశయం కోత దగ్గరికి వస్తుంది. అది సరిగ్గా తెగకపోతే అండాశయం లోతునే ఉండిపోతుంది, రక్తనాళాన్ని నొక్కిపట్టే క్లాంపు దాని కింద పడాల్సింది దాని మీదనే పడుతుంది. కుడి మూత్రపిండం ఎడమదానికన్నా ముందుకు ఉంటుంది కాబట్టి కుడి అండాశయం ఇంకా లోతు. మిగిలిన ముక్కలు ఎక్కువగా కుడివైపే దొరకడానికి కారణం ఇదే. లావుగా ఉన్న కుక్క, ఛాతీ లోతైన జాతి, చిన్న కోత, ఇవన్నీ ఇబ్బందిని పెంచుతాయి. పనిలో జారి కడుపులో పడిన చిన్న తునక కూడా పొట్టలోని కొవ్వుపొరకు అతుక్కుని, రక్తనాళాలు తెచ్చుకుని బతకగలదు. పెసరగింజంత ముక్క చాలు, ఎద రావడానికి. అది కొన్ని వారాలకే రావచ్చు, కొన్నేళ్లకూ రావచ్చు. అందుకే ఏడాదిన్నర తర్వాత రావడంలో వింత లేదు.

రక్తం తక్కువగా ఉండడం చూసి చాలామంది "ఇది ఎద కాదులే" అనుకుంటారు. ఎదలో కారే రక్తం గర్భసంచి లోపలి పొర నుంచి వస్తుంది. గర్భసంచి తీసేశారు కాబట్టి రక్తం కొంచెమే ఉంటుంది, అసలు లేకపోనూ వచ్చు. అలాంటి కుక్కలో బాగా రక్తం కారుతుంటే గర్భసంచి కింది మొదలులో ఎక్కువ భాగం మిగిలిపోయిందేమో చూడాలి.

ఇప్పుడు చేయాల్సిన మొదటి పని, ఈ రోజే క్యాలెండర్ మీద తేదీ రాయడం. మానం ఉబ్బినట్టు ఎప్పుడు గమనించారు, మగకుక్కలు ఎప్పటి నుంచి వస్తున్నాయి, తోక తిప్పడం ఎప్పుడు మొదలైంది, మూడూ వేర్వేరుగా రాయండి. రోజూ ఉదయం తెల్లటి టిష్యూ కాగితం మానానికి మెల్లగా అద్ది, రంగు చూసి రాసుకోండి. మామూలు ఎదలో మొదటి 9 రోజులు అటూఇటూగా ఎర్రటి నీరు కారుతుంది, మానం గట్టిగా బిగిసి ఉంటుంది, మగకుక్క దగ్గరికొస్తే ఆడది గుర్రుమంటుంది. తర్వాతి 9 రోజులు సుమారుగా ఆ నీరు ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది, మానం మెత్తబడుతుంది, అప్పుడు మగకుక్కను రానిస్తుంది. ఈ రోజులు కుక్కకూ కుక్కకూ బాగా మారతాయి. ఆ తర్వాత రెండు నెలలు ప్రొజెస్టరాన్ హార్మోన్ కాలం. ఏ పరీక్షైనా ఈ లెక్క మీదే నడుస్తుంది. తేదీ లేకుండా చేయించిన పరీక్ష "అంతా బాగానే ఉంది" అని తప్పుడు ధైర్యం ఇచ్చి పంపేస్తుంది.

రెండో పని, లక్షణాలు తగ్గేదాకా ఆగకుండా ఉబ్బు ఉన్నప్పుడే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి యోని స్మియర్ చేయించడం. సెలైన్‌లో తడిపిన సన్నటి దూది పుల్లను మానం పైమూల నుంచి ముందు పైకి, ఆపైన నేరుగా లోపలికి పంపి, గోడకు ఒకసారి తిప్పి తీస్తారు. కింది గుంతలో తాకితే అక్కడి కణాలు వేరు, ఫలితం తప్పుతుంది. పుల్లను గాజు పలక మీద దొర్లించి, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. ఈస్ట్రోజెన్ లేని కుక్కలో గుండ్రటి చిన్న కణాలు, మధ్యలో పెద్ద కేంద్రకం కనబడతాయి. ఈస్ట్రోజెన్ పనిచేస్తున్న కుక్కలో కణాలు పెద్దవై, అంచులు కోణాలు తేలి, విరిగిన అప్పడం ముక్కల్లా ఉంటాయి, చాలావాటిలో కేంద్రకం మాయమై ఉంటుంది. పదింటిలో ఎనిమిదో తొమ్మిదో అలా ఉంటే ఈస్ట్రోజెన్ ఉందని తేలినట్టే. పది నిమిషాల పని, మత్తు అక్కర్లేదు.

స్మియర్ ఈస్ట్రోజెన్ ఉందని చెప్తుంది గానీ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు. అందుకే ఎద లక్షణాలు తగ్గాక రెండు మూడు వారాలకు రక్తంలో ప్రొజెస్టరాన్ చూడాలి. మిల్లీలీటరుకు 2 నానోగ్రాములు దాటితే లోపల అండాశయం ముక్క ఉంది, అది అండం కూడా విడుదల చేసింది అని అర్థం. ఇదే పరీక్ష ఎద మొదట్లో చేయిస్తే తక్కువే వస్తుంది. ఎక్కువమంది పొరపాటుపడేది ఇక్కడే. అల్ట్రాసౌండ్ కూడా ఎద సమయంలో గానీ, తర్వాతి నెలలో గానీ చేస్తేనే ముక్క మీద నీటిబుడగలో, గట్టి గడ్డలో కనబడే అవకాశం ఉంది. అల్ట్రాసౌండ్‌లో ఏమీ కనబడలేదని ముక్క లేదనుకోకూడదు.

నిర్ధారణ అయితే మందు ఆపరేషనే. ఎద వెళ్లిపోయాక వచ్చే ప్రొజెస్టరాన్ కాలంలో, అంటే ఎద ముగిసిన మూడు నాలుగు వారాలకు చేయడం మంచిదని మా అభిప్రాయం. అప్పుడు ముక్క మీద పసుపు నారింజ కలిసిన గడ్డలు లేచి కంటికి ఆనుతుంది. ఎదలో చేస్తే రక్తనాళాలు ఉబ్బి ఉండి రక్తస్రావం ఎక్కువ. ఏ హార్మోనూ లేని కాలంలో కోస్తే ముక్క చుట్టుపక్కల కొవ్వులో కలిసిపోయి దొరకదు. కోత మొదటిసారికన్నా పొడుగ్గా ఉంటుంది, దానికి కంగారుపడకండి. కుడివైపు చిన్నపేగు మొదటి వంపును ఎత్తి, ఎడమవైపు పెద్దపేగును ఎత్తి, రెండు మూత్రపిండాల వెనకా చూడాలి. ఒకవైపు దొరికిందని రెండోవైపు చూడకుండా కుట్టేస్తే మళ్లీ మొదటికొస్తుంది. మూత్రనాళం పక్కనే పోతుంది కాబట్టి అనుభవమున్న సర్జన్ దగ్గరే చేయించండి. తీసిన ప్రతి తునకా 10 శాతం ఫార్మలిన్‌లో వేసి హిస్టోపాథాలజీకి, అంటే ల్యాబ్‌లో కణజాల పరీక్షకు పంపమని ముందే అడగండి. అది అండాశయమేనని కాగితం మీద రాసి వస్తేనే పని పూర్తయింది. మన ప్రాంతంలో పిడుదు జ్వరం తెలియకుండా ప్లేట్‌లెట్లను తినేస్తుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు రక్తంలో ప్లేట్‌లెట్ల లెక్క చూడనిదే టేబుల్ ఎక్కించనివ్వకండి.

కడుపు సంగతి: గర్భసంచి లేదు, కడుపు రాదు. అలాగని మగకుక్కలను రానివ్వకండి. కలయికలో అవి పది ఇరవై నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు అతుక్కుని ఉంటాయి. యోని చివర కుట్టిన చోట చిరిగే ప్రమాదం ఉంది. వీధి కుక్కల నుంచి సుఖవ్యాధి గడ్డలు అంటుకునే ప్రమాదం ఇంకా పెద్దది.

ఊరుకుంటే ఏమవుతుందని కూడా కొందరు అడిగారు. మిగిలిన గర్భసంచి మొదలులో చీము పట్టవచ్చు. ఎద అయిన నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో కుక్క తిండి మానేసి, వాంతులు చేసుకుని, నీళ్లు విపరీతంగా తాగుతుంటే ఒక్కరోజు కూడా ఆగకండి. రోజుకు కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు దాటితే అది ఎక్కువ. 25 కిలోల లాబ్రడార్‌కి రెండున్నర లీటర్లు. మలద్వారంలో థర్మామీటరు పెడితే 103 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి ఉండవచ్చు, ఉండకపోనూ వచ్చు. జ్వరం లేదని ఊరట పడొద్దు. ఏళ్ల తరబడి హార్మోన్ తగులుతూ ఉంటే పొదుగు గడ్డల ముప్పు, ఆ ముక్కలోనే కంతి పుట్టే ముప్పు రెండూ ఉన్నాయి.

ప్రశ్న (విశాఖపట్నం): మా కుక్కకూ అచ్చం అలాగే అయింది. మేం డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి ఉబ్బు తగ్గిపోయింది, స్మియర్‌లో ఏమీ లేదన్నారు. మళ్లీ వచ్చేదాకా ఆగాలా?

జవాబు: ఆగక్కర్లేదు. ఎద తగ్గి రెండు నెలలు దాటకపోతే వెంటనే ప్రొజెస్టరాన్ చేయించండి. దాటిపోతే ఏఎంహెచ్ అనే హార్మోన్ పరీక్ష ఉంది. ఆ హార్మోన్ అండాశయం తప్ప ఇంకెక్కడా ఆడకుక్కలో తయారవదు. ఎద ఉన్నా లేకున్నా రక్తంలో కనబడుతుంది. రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం చాలు. కుక్కల రక్తం మీద ఈ పరీక్ష నిలుస్తుందని సరిచూసుకున్న ల్యాబ్‌లోనే చేయించాలి, ఇది మాత్రం ముందే అడగండి. చాలా చిన్న ముక్కైతే ఒక్కోసారి ఈ పరీక్షకూ దొరకదు. ఏఎంహెచ్ లేదని వచ్చి, లక్షణాలు మాత్రం మళ్లీ అయిదారు నెలలకు అదే వరసలో వస్తే, లక్షణాలనే నమ్మి ఉబ్బు మొదలైన రోజే బయల్దేరండి.

ప్రశ్న (కూకట్‌పల్లి, హైదరాబాద్): మాది నాలుగు కిలోల పొమరేనియన్. ఆరేళ్ల కిందట ఆపరేషన్ అయింది. మూడు నెలలుగా దాని మానం ఉబ్బే ఉంటోంది, చనుమొనలు కూడా పెద్దవయ్యాయి. ఎదలా వచ్చి పోవడం లేదు, ఎప్పుడూ ఉంటోంది. స్కానింగ్‌లో ఏమీ కనబడలేదు. రెండోసారి పొట్ట కోయాలంటున్నారు. ఇది ఎప్పుడూ మా అమ్మ ఒళ్లోనే ఉంటుంది.

జవాబు: కోతకు ఒప్పుకునే ముందు మీ అమ్మగారిని ఒక్క మాట అడగండి. నెలసరి ఆగిపోయాక వచ్చే వేడి ఆవిర్లకు చేతికి రాసుకునే జెల్ గానీ, స్ప్రే గానీ, లోపల వాడే క్రీము గానీ డాక్టర్ రాశారా? వాటిలో ఈస్ట్రోజెన్ ఉంటుంది. మోచేతి మీద రాసుకున్న జెల్‌ను ఒళ్లో కూర్చున్న కుక్క నాకితే, లేదా దాని చర్మం రోజూ ఆ చేతికి ఆనుకుంటే, నాలుగు కిలోల ప్రాణికి అది పెద్ద మోతాదే. మీరు రాసిన వరసే దీన్ని పట్టిస్తోంది. అండాశయం ముక్కైతే వచ్చి, పోయి, మళ్లీ ఆరు ఏడు నెలలకు వస్తుంది. మూడు నెలలు తగ్గకుండా ఉంటే రోజూ ఎక్కడి నుంచో అందుతోందని అనుమానించాలి. ముక్కలో పుట్టిన కంతి వల్లా ఇలా జరగవచ్చు గానీ, ముందు తేలికైనది చూడాలి.

అమ్మగారు మందు మానేయక్కర్లేదు. వారి డాక్టర్‌తో మాట్లాడకుండా మానకూడదు కూడా. జెల్ రాసిన చోటు ఆరాక పూర్తి చేతుల జాకెట్టు గానీ, చొక్కా గానీ వేసుకోవాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కుక్కను ఎత్తుకునేటప్పుడు ఆ చోటు తగలకూడదు. రాసుకున్న బట్టలు, తువ్వాలు, దిండు గలీబు కుక్క పడుకునే చోట ఉండకూడదు. కుక్కకు ఒకసారి స్నానం చేయించండి. కొన్ని వారాల్లో ఉబ్బు దిగడం మొదలైతే కారణం దొరికినట్టే. దిగకపోతే ఏఎంహెచ్, ఆ తర్వాతే కోత మాట.

దీనికి చెల్లెలు లాంటి సంగతి ఇంకొకటి ఉంది. ఆపరేషన్ అయిన కుక్కల్లో మూత్రం కారడానికి ఎస్ట్రియోల్ మాత్రలు ఇస్తారు. అదీ ఈస్ట్రోజెనే. మోతాదు ఎక్కువైతే మానం ఉబ్బుతుంది, మగకుక్కలు మూగుతాయి. మాత్ర రాసిన డాక్టర్‌కు చెప్తే మోతాదు తగ్గిస్తారు.

ప్రశ్న (రాజమహేంద్రవరం): ఎద అయిన నెలన్నరకు ఆపరేషన్ చేయించాం. నాలుగో రోజు నుంచి పొదుగు నిండి పాలు వస్తున్నాయి. బొమ్మ ఒకటి పట్టుకుని మంచం కిందకు దూరి, దగ్గరికెళ్తే కరవబోతోంది. కడుపులో పిల్లలుంటే తీసేశారా?

జవాబు: పాలు రావడానికి కడుపులో పిల్లలు ఉండక్కర్లేదు, అండాశయమూ మిగలక్కర్లేదు. తేదీ కుదరక జరిగింది ఇది. ఎద అయ్యాక రెండు నెలలు ప్రొజెస్టరాన్ ఎక్కువగా ఉంటుంది. ఆ మధ్యలో అండాశయాలు తీస్తే అది ఒక్కసారిగా పడిపోతుంది, పాలు తెప్పించే ప్రొలాక్టిన్ పైకి లేస్తుంది. మెదడు దాన్ని ఈనినట్టే లెక్కేస్తుంది. ఉత్తుత్తి కడుపు అంటారు దీన్ని. అందుకే ఎద ముగిసిన రెండు మూడు నెలల తర్వాత ఆపరేషన్ పెట్టుకోమని చెప్పేది.

పాలు పిండకండి, వేడి కాపడం పెట్టకండి. రెండూ పాలను పెంచుతాయి. తనను తాను నాక్కోకుండా మెడకు గరాటా తొడగండి. బొమ్మను అది బయట తిరిగేటప్పుడు తీసేయండి, నోట్లోంచి లాక్కోవద్దు. తేలికైతే రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. తగ్గకపోతే కాబెర్గోలిన్ అనే మందు ఉంది. కిలో బరువుకు 5 మైక్రోగ్రాములు, రోజుకు ఒకసారి, అయిదు నుంచి ఏడు రోజులు. ఇక్కడ జాగ్రత్త చాలా ముఖ్యం. మనుషుల మాత్ర తరచు 0.5 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే 500 మైక్రోగ్రాములు. 10 కిలోల కుక్కకు కావలసింది 50, మాత్రలో పదో వంతు. ఇంట్లో బ్లేడుతో కోసి ఆ వంతు తేల్చడం కుదరదు. డాక్టర్ చేతనే మోతాదు కట్టించుకోండి, అన్నం తిన్నాక ఇవ్వండి, లేకపోతే వాంతి చేసుకుంటుంది. వాంతికి మెటోక్లోప్రమైడ్ మాత్రం వేయకూడదు. అది ప్రొలాక్టిన్‌ను పెంచి చేసిన పనంతా చెడగొడుతుంది. ఒక చన్ను మాత్రం ఎర్రగా కాలుతూ, గట్టిపడి, ముట్టుకుంటే అరుస్తుంటే అది పొదుగువాపు, ఆ రోజే చూపించాలి.

ప్రశ్న (వరంగల్): మా వీధిలో చెవి కత్తిరించిన ఆడకుక్క ఉంది, అంటే ఆపరేషన్ అయినట్టే కదా. రెండు నెలలుగా దాని వెనక రక్తం చుక్కలు పడుతూనే ఉన్నాయి. ఎదకు వచ్చిందని పిల్లలు రాళ్లు వేస్తున్నారు. ఆపరేషన్ సరిగా చేయలేదా?

జవాబు: రెండు నెలలు రక్తం కారే ఎద ఉండదు. మూడు వారాలు దాటి రక్తం కారుతుంటే ఎద కాదేమోనని అనుమానించండి. ఇది ఎక్కువ భాగం టీవీటీ, అంటే కుక్కలకు కలయిక వల్ల అంటుకునే సుఖవ్యాధి గడ్డ అయి ఉంటుంది. గడ్డ కణాలే ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు అంటుకుని పెరుగుతాయి. వాసన చూడడం, నాకడం వల్లా వస్తుంది కాబట్టి ముక్కు మీద, నోట్లో కూడా పుడుతుంది. ఆపరేషన్‌కు ముందే అంటి ఉండవచ్చు, ఆ తర్వాత అంటి ఉండవచ్చు. యోనిలోపల క్యాలీఫ్లవర్ పువ్వులా, ముట్టుకుంటే చిట్లేలా ఎర్రటి గడ్డ ఉంటుంది. పైకి కనబడేది రక్తపు చుక్కే.

చూస్తే భయం పుట్టించే జబ్బే గానీ నయమవుతుంది. గడ్డకు గాజు పలక అద్ది మైక్రోస్కోపులో నిర్ధారించి, వారానికి ఒకసారి విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు ఇంజెక్షన్ నరంలోకి ఇస్తారు, సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు. ప్రతిసారీ ముందు రక్తకణాల లెక్క చూడాలి. మందు నరం బయటకు జారితే అక్కడి చర్మం కుళ్లి ఊడిపోతుంది, కాబట్టి కదలకుండా పట్టుకునే మనిషి ఉండాలి. రెండు ఇంజెక్షన్లకే రక్తం ఆగిపోతుంది. అక్కడే అందరూ మానేస్తారు, గడ్డ మళ్లీ పెరుగుతుంది. కోర్సు పూర్తి చేయించండి. కుక్కను పట్టేవారు రేబిస్ టీకా ముందుగానే వేయించుకుని ఉండాలి. మందు పడిన తర్వాత రెండు మూడు రోజులు దాని మూత్రం, మలం చేతికి తగలనివ్వకండి. ఆ పిల్లలకు "ఇది జబ్బు, ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం" అని చెప్పి చూడండి. వాళ్లే అన్నం తెచ్చి పెడతారు.

ప్రశ్న (గుంటూరు): ఆపరేషన్ అయిన మా కుక్క పడుకున్న చోట తడి ఉంటోంది. ఎద నీరా?

జవాబు: తడి నిద్రలోనే ఉండి, లేచి తిరిగేటప్పుడు లేకపోతే అది మూత్రం. ఈస్ట్రోజెన్ లేకపోవడం వల్ల మూత్రద్వారం బిగువు సడలుతుంది. పెద్ద జాతి కుక్కల్లో ఇది ఎక్కువ, మందులతో అదుపులో ఉంటుంది. జిగటగా పసుపో తెలుపో కారి, అదేపనిగా నాక్కుంటుంటే యోనివాపు గానీ మూత్రంలో ఇన్ఫెక్షన్ గానీ. లావుగా ఉన్న కుక్కల్లో మానం చర్మం మడతలో కూరుకుపోయి తడి నిలిచి పుండవుతుంది. అక్కడి వెంట్రుకలు కత్తిరించి, గోరువెచ్చని నీళ్లతో కడిగి, అద్ది ఆరబెట్టండి. డెట్టాల్ కలిపిన నీళ్లు వాడొద్దు, మంట పెడుతుంది.

ప్రశ్న (డల్లాస్, అమెరికా): ఇక్కడ షెల్టర్ నుంచి తెచ్చుకున్న కుక్క. కాగితాల్లో స్టెరిలైజ్ అయిందని ఉంది. ఆరు నెలలకోసారి ఎద లక్షణాలన్నీ వస్తున్నాయి, రక్తం లేదు.

జవాబు: ముందు ఆ ఆపరేషన్ రకం ఏమిటో షెల్టర్‌ను అడగండి. అక్కడ కొందరు పశువైద్యులు గర్భసంచి మాత్రం తీసి అండాశయాలు ఉంచేస్తారు. ఎముకలకు, కీళ్లకు హార్మోన్ మేలని యజమానులు కోరి చేయించుకునేది అది. అలాంటి కుక్క మామూలుగానే ఎదకు వస్తుంది, పొరపాటేమీ లేదు. అయితే ప్రతి ఎదలోనూ మగకుక్కకు దూరంగా ఉంచాలి, గర్భసంచి మొదలు మిగిలిందా అని స్కాన్ చేయించాలి, పొదుగు గడ్డల కోసం నెలకోసారి చన్నులన్నీ తడమాలి. కాగితాల్లో అండాశయాలు కూడా తీశామని ఉంటే కాకినాడ ఉత్తరానికి ఇచ్చిన జవాబే మీదీ. ప్రొజెస్టరాన్ ల్యాబ్ ఫలితం నానోమోల్స్‌లో వస్తే, 2 నానోగ్రాములకు సమానం సుమారు 6.4.

ప్రశ్న (నెల్లూరు): వచ్చే నెల మా కుక్కకు ఆపరేషన్. ఇలాంటి తంటా రాకుండా ముందే ఏం అడగాలి?

జవాబు: చివరి ఎద ఎప్పుడు ముగిసిందో తేదీతో చెప్పండి. రెండు మూడు నెలలు కాకపోతే వాయిదా వేయండి. బరువెక్కువ ఉంటే ముందు తగ్గించండి, సర్జన్‌కు కొవ్వు అడ్డం తగ్గుతుంది. కోత పొట్ట మధ్యలోనా, డొక్కలోనా అని అడగండి. డొక్క కోతలో అవతలి వైపు అండాశయం అందుకోవడం కష్టం. అందుకే ఇంటి కుక్కకు మధ్య కోత మేలని మా మాట.

ఎద రాకుండా ఇంజెక్షన్ ఉందంటారు, ఆపరేషన్ బదులు అది వేయించుకుంటే చాలదా అని మీరే ఇంకో కాగితం మీద అడిగారు. వద్దు. ఆ ప్రొజెస్టరాన్ తరహా ఇంజెక్షన్ల వల్ల గర్భసంచిలో చీము పట్టిన కుక్కలు ఆస్పత్రులకు వస్తూనే ఉంటాయి.

ఆపరేషన్ కాగానే తీసిన అవయవాలు ట్రేలో చూపించమని అడగడానికి మొహమాటపడొద్దు. ఇంగ్లిషు వై అక్షరంలా గర్భసంచి ఉంటుంది, దాని రెండు కొమ్ముల కొసన రెండు కొవ్వు ముద్దలు. ప్రతి ముద్దనూ కత్తెరతో చీల్చి లోపలి అండాశయాన్ని చూపించమనండి. మధ్యరకం కుక్కలో అది బాదం గింజంత ఉంటుంది. నాలుగు పక్కలా నునుపుగా, పూర్తిగా ఉందా, ఒక వైపు కోసిన ముఖం కనబడుతోందా చూడండి. కోసిన ముఖం కనబడితే మిగతా సగం ఇంకా కుక్క కడుపులోనే ఉంది. పొట్ట తెరిచి ఉండగానే తెలిస్తే అయిదు నిమిషాల్లో సరిచేస్తారు. కాబట్టి కుట్లు వేయక ముందే సర్జన్ ఈ పని చేసుకుంటారా అని మత్తు ఇవ్వక ముందే అడిగి ఉంచండి. డిశ్చార్జి కాగితం మీద "గర్భసంచి, రెండు అండాశయాలు తీయడమైనది" అని తేదీతో రాయించుకోండి.